వ్యాయామమూ, పట్టుదలా, తీరికా

ప్రతిరోజూ కొంత వ్యాయామం చెయ్యటం మంచిదని తెలియనివాడు ఈ రోజుల్లో లేడు. డాక్టర్లు చెప్తారు, పత్రికలు చెప్తాయి, బడిపిల్లల వాచకాలు చెప్తాయి. అయినా తెలిసినవాళ్ళలో చాలామంది చెయ్యరు. మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మానేస్తారు. ఎందుకని అడిగితే మన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే: బద్ధకం. కొంచెం మర్యాదగా చెప్పాలంటే, పట్టుదల లేకపోవటం.

ఈ జవాబు మీద నాకు చాలాకాలంగా అనుమానం. ఫలానావాడు నడకకు ఎందుకు రాలేదు? పట్టుదల లేదు కాబట్టి. పట్టుదల లేదని ఎలా తెలిసింది? నడకకు రాలేదు కాబట్టి. ఇది వివరణ కాదు, తీర్పు. కారణం చెప్తున్న వేషంలో తీర్పు చెప్పటం మన నీతిబోధకులకు పాత అలవాటు. పేదవాడు సోమరి కాబట్టే పేదవాడయ్యాడని చెప్పిన నోరే ఇదీ చెప్తున్నది. ఆ మొదటి మాటను మనం ఒప్పుకోం. ఈ రెండో మాటను మాత్రం అభ్యుదయవాదులైన ఉపాధ్యాయులు కూడా ఏమాత్రం ఆలోచించకుండా ఒప్పుకుంటారు, తమను తామే తిట్టుకుంటూ.

తత్వశాస్త్రంలో ఇది కొత్త ప్రశ్న కాదు. మంచి ఏదో నిజంగా తెలిసినవాడు దానికి విరుద్ధంగా నడవడని సోక్రటీసు వాదించాడు. అరిస్టాటిలు దీన్ని ఒప్పుకోలేదు. తెలిసి కూడా చెయ్యలేని స్థితి మనుషుల్లో నిజంగానే ఉన్నదన్నాడు. అర్జునుడు కృష్ణుణ్ణి అడిగిన ప్రశ్నల్లోనూ ఇలాంటిది ఒకటి ఉన్నది, ఇష్టం లేకపోయినా మనిషి చేత తప్పు చేయించేది ఏమిటని. జవాబులు ఎవరివి వారివైనా, వీరందరూ ప్రశ్నను మనిషి లోపలనే ఉంచారు. ఆ మనిషికి తెల్లవారుజామున ఖాళీ ఉన్నదా, అతని రోజు ఎవరి చేతిలో ఉన్నది అని అడగలేదు. అడగవలసిన అవసరం వారికి రాలేదు కూడా. ఏథెన్సులో పౌరుడు వ్యాయామశాలకు పోయిన వేళ అతని ఇంటిపనీ పొలంపనీ చెయ్యటానికి బానిసలున్నారు.

మా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో క్రమశిక్షణ గురించి ఉపన్యసించేవాళ్ళు మోక్షగుండం పేరు ఎత్తకుండా ఉండరు. బేస్తవారిపేట దగ్గరి ఆ ఊరినుంచే విశ్వేశ్వరయ్య పూర్వీకులు మైసూరు దేశానికి పోయారు. ఆయన అక్కడ పుట్టి, 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఉండి, నూరేళ్ళు దాటి బతికి 1962లో చనిపోయాడు. తప్పని నడక, మితమైన భోజనం, వేళకు వేళ జరిగే దినచర్య ఆయన దీర్ఘాయువుకు కారణాలని చెప్తారు. కావచ్చు. ఆయన మీద నాకు గౌరవమే. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు ఆయన చేసిన పని తెలిసిన ఎవరికైనా ఉంటుంది. అయితే ఆయన జీవితంలోనుంచి ఆ దినచర్యను ఒక్కదాన్ని విడదీసి, పన్నెండు గంటలు కొట్లో నిలబడే గుమాస్తా ముందు పెట్టి, నీకెందుకు చేతకాదని అడగటం న్యాయం కాదు. విశ్వేశ్వరయ్య గడియారం ఆయన జేబులో ఉండేది. గుమాస్తా గడియారం యజమాని గోడకు ఉంటుంది.

మార్కాపురం పలకలకు పేరు. తరాల తరబడి తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దింది ఇక్కడి రాతి మీదే. నోటు పుస్తకమూ ప్లాస్టిక్ పలకా వచ్చాక రాతిపలకకు గిరాకీ పడిపోయింది. గోడలకూ నేలకూ అతికించే బిళ్ళలుగా ఈ రాయి బయటి దేశాలకు పోతున్నది. సరుకు మారినా చేతిపని పెద్దగా మారలేదు. గుంటలోనుంచి రాయి తియ్యటం, ఉలితో పొరలు విడదియ్యటం, కొలతకు కొయ్యటం, మొయ్యటం. కూర్చున్నంతసేపూ నడుము వంగి ఉండాలి, లేచినంతసేపూ బరువు ఉండాలి.

నాకు చక్కెర జబ్బు ఉన్నదనీ రోజూ ముప్పావుగంట నడవమనీ డాక్టరు చెప్పిన తర్వాత, నేను ఆ గనులవైపు పోయే దారినే నడిచేవాణ్ణి. కొన్నాళ్ళకు, రోజూ ఎదురుపడే కూలీల్లో ఒకామె నన్ను ఆపింది.

“ఏంది సార్, రోజూ ఇట్టా పొయ్యి అట్టా వస్తా ఉంటారు. పొలముందా ఈడ?”

“లేదమ్మా. ఒంట్లో బాగలేదు. డాక్టరు నడవమన్నాడు.”

“మమ్మల్ని నడవొద్దని చెప్పే డాక్టరు యాడన్నా ఉంటే చెప్పండి సార్, ఆడికి పోతాం,” అని పక్కనామెతో కలిసి నవ్వుకుంటూ పోయింది.

ఈ మాటలో ఎగతాళి ఉన్నది గాని కోపం లేదు. కాని అందులో ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. ఆమె నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ నడుస్తుంది, వంగుతుంది, ఎత్తుతుంది. శరీరం కదలటమే ఆరోగ్యమైతే ఆమె నాకంటే ఆరోగ్యంగా ఉండాలి గదా. లేదు. నలభయ్యేళ్ళకే నడుం పట్టేసిన మనిషి ఆమె.

ఈ విషయంలో శాస్త్రం చెప్పిన మాట రెండు దశల్లో వచ్చింది. 1953లో జెరిమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చుని బండి నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సులో రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించాడు. కదలిక గుండెకు మేలని ఆధునిక వైద్యం గట్టిగా చెప్పటం ఇక్కడ మొదలైందనవచ్చు. అయితే 2021లో కోపెన్‌హేగన్‌లో లక్షకు పైగా జనం మీద జరిపిన పరిశీలన ఇంకొక సంగతి చెప్పింది. తీరిక వేళల్లో చేసే శారీరక శ్రమ ఎక్కువైనకొద్దీ గుండెజబ్బూ మరణాలూ తక్కువగా కనిపించాయి. ఉద్యోగంలో చేసే శ్రమ ఎక్కువైనకొద్దీ అవే ఎక్కువగా కనిపించాయి. పొగతాగటం, చదువు, సంపాదన లాంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు.

కారణాలు ఇంకా చర్చలోనే ఉన్నాయిగాని, ఊహించటం కష్టం కాదు. వ్యాయామం కొద్దిసేపు ఉంటుంది, తర్వాత విశ్రాంతి ఉంటుంది, అలిసిపోతే ఆపే హక్కు ఉంటుంది. కూలిపనిలో గుండె గంటల తరబడి వేగంగా కొట్టుకుంటుంది, ఒకే కీలు ఒకే విధంగా వెయ్యిసార్లు తిరుగుతుంది, ఆపితే కూలి పోతుంది. దుమ్ము సంగతి వేరే చెప్పాలి. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు చేసే కూలీల ఊపిరితిత్తులను రాతిదుమ్ము ఏం చేసిందో వైద్యగ్రంథాలకు ఎక్కింది.

మా వైపు నీళ్ళు కూడా ఉన్నాయి. ఫ్లోరైడు నీటివల్ల వచ్చే ఎముకల వ్యాధి మన దేశంలో ఉన్నదని 1937లో మొదట ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి ఆ జిల్లాలోవే. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాడికి కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. అలాంటి మనిషికి ఉదయాన్నే వంగి కాలివేళ్ళు ముట్టుకోమని చెప్పే ఆరోగ్య పుస్తకం ఎవరికోసం రాసిందో ఆలోచించాలి. గురజాడ తన దేశభక్తి గేయంలో కండను తిండికి ముడిపెట్టాడు. మా ప్రాంతంలో తిండికంటే ముందు నీళ్ళను చేర్చవలసి ఉంటుంది.

కాబట్టి పనికీ వ్యాయామానికీ తేడా కండరాల్లో లేదు. ఆ కదలిక ఎవరిది, ఆ గంట ఎవరిది అనేదాంట్లో ఉన్నది. 1866లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంఘం మహాసభకు మార్క్సు రాసి పంపిన సూచనల్లో ఎనిమిది గంటల పనిదినం ఉన్నది. పిల్లల చదువులో భాగంగా శారీరక శిక్షణా ఉన్నది. రెండూ ఒకే పత్రంలో ఉండటం యాదృచ్ఛికం అనుకోను. మరుసటి ఏడు వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో రాబర్ట్ ఓవెన్‌ను ప్రస్తావిస్తూ, రాబోయే కాలపు విద్య ఉత్పత్తి శ్రమనూ చదువునూ వ్యాయామాన్నీ కలిపి ఇస్తుందని ఆయన మళ్ళీ చెప్పాడు. కూలీ బిడ్డకు శ్రమ ఉన్నది గదా, వేరే వ్యాయామం దేనికని మార్క్సు అనలేదు.

మనలో కొందరు మాత్రం అదే అంటారు. వ్యాయామం తిన్నది అరగనివాళ్ళ వేడుక అనీ, ముందు వ్యవస్థ మారాలి, ఒళ్ళు తర్వాత చూసుకోవచ్చుననీ. ఈ మాట చెప్పేవాళ్ళు చాలావరకు కుర్చీలో కూర్చుని చెప్తారు. లెనిన్ 1895 చివరినుంచి 1897 మొదటిదాకా పీటర్స్‌బర్గ్ జైల్లో ఉన్నాడు. తర్వాత ప్రవాసంలో ఉండగా, తమ్ముడు జైలుపాలయ్యాడని తెలిసి 1898లో తల్లికి రాసిన ఉత్తరంలో, వాడు వ్యాయామం చేస్తున్నాడా అని విచారించాడు. తాను జైల్లో రోజూ పడుకోబోయేముందు 50 సార్లు నేలకు చెయ్యి తగిలేట్టు వంగి లేచేవాడినని చెప్పాడు. ఎన్నడూ జైలు చర్చికి వస్తానని అడగని ఈ మనిషికి హఠాత్తుగా ఇంత భక్తి ఎక్కడినుంచి వచ్చిందా అని, తలుపు కంతలోనుంచి చూసే వార్డరు విస్తుపోయి ఉంటాడని పరిహాసమాడాడు.

ఇది విప్లవకారుడి ఉక్కు సంకల్పానికి నిదర్శనమని చెప్పటం తేలిక. నాకు అందులో వేరే విషయం కనిపిస్తుంది. లెనిన్ ప్రతిరాత్రీ ఇవాళ చెయ్యాలా వద్దా అని ఆలోచించలేదు. లెక్క ముందే పెట్టుకున్నాడు, వేళ ముందే పెట్టుకున్నాడు. రోజూ మళ్ళీ మొదటినుంచి నిర్ణయించుకోవలసిన పనిలో ఎంత బలమైనవాడైనా ఏదో ఒక రోజు ఓడిపోతాడు. పైగా, జైలు అయినా సరే, ఆ రాత్రి గంటను అతని చేతినుంచి ఎవరూ లాక్కోలేదు. మందసౌర్ కూలీకి గాని మార్కాపురం కూలీకి గాని ఆపాటి గంట కూడా లేదు.

తీరిక ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఉపాధ్యాయుడికి సాయంత్రం గంట దొరుకుతుంది, మైదానం పక్కనే ఉంటుంది, అయినా పోడు. ఇక్కడ నాకు బద్ధకం కంటే సిగ్గు ఎక్కువగా కనిపిస్తుంది. 1917 ఏప్రిల్‌లో చైనాలో ‘నవయువకుడు’ అనే పత్రికలో శారీరక విద్యమీద ఒక వ్యాసం వచ్చింది. మారుపేరుతో రాసిన ఆ విద్యార్థి మావో. విద్యార్థులు వ్యాయామాన్ని ఎందుకు ఇష్టపడరో కారణాలు వెతుకుతూ, సిగ్గుపడటం ఒక ముఖ్యకారణమని అతను రాశాడు. పొడుగు అంగీ వేసుకుని మెల్లగా నడిచే పండితుడికి చేతులూ కాళ్ళూ విసరటం మోటుగా కనిపిస్తుంది. మనకు ఆ వ్యాధి ఇంకా లోతుగా ఉన్నది, ఎందుకంటే దాని వెనక కులం ఉన్నది. మా పల్లెల్లో పెద్దరికాన్ని మనిషి ఎంత తక్కువ కదులుతాడనే దాన్నిబట్టి కొలిచేవారు. అరుగుమీద కూర్చున్నవాడు దొర, చెంబు అందించేవాడు పాలేరు. చెమట పట్టటమే కింది కులాల లక్షణమని తరతరాలుగా నేర్చుకున్న శరీరం, చదువుకుని వామపక్షంలో చేరినంతమాత్రాన నిక్కరు వేసుకుని నలుగురిలో పరుగెత్తదు. మోటారు సైకిల్ మీద మూడు వీధుల అవతలికి టీ తాగటానికి పోయే లెక్చరరును చూసినప్పుడు నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

ఆడవాళ్ళ విషయంలో ఈ సిగ్గుకు తాళం కూడా వేశారు. 2024లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివారు మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. ఈ అంకెలు చూపించినప్పుడు ఒక మిత్రుడు, ఇంటిపని చాలదా, అదే పెద్ద వ్యాయామం గదా అన్నాడు. గనిలో కూలీలకు వేరే వ్యాయామం దేనికని యజమాని అనే మాటకూ దీనికీ భేదం లేదు. ఇద్దరూ ఎదుటివారి అలసటను ఆరోగ్యంగా లెక్కగట్టి తమ ఖాతాలో వేసుకుంటున్నారు.

మేము కొంతమందిమి ఇక్కడ ఒక బృందంగా కలిశాం. ఉపాధ్యాయులు, ఒక హమాలీ, ఒక ఆర్టీసీ డ్రైవరు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు. చలికాలంలో మొదలుపెట్టాం. చలికాలంలో అందరూ మొదలుపెడతారు. డ్రిల్లు మాస్టారుకు హాజరుపట్టీ అంటే ప్రాణం. రానివాళ్ళు ఎందుకు రాలేదో కూడా ఒక నోటుబుక్కులో రాసేవాడు. అది మొదట నాకు పోలీసు పనిలా తోచింది గాని, కొన్ని నెలల తర్వాత తిరగేస్తే అంత విలువైన పత్రం ఇంకొకటి లేదనిపించింది. నీళ్ళ ట్యాంకరు వచ్చింది. రాత్రి డ్యూటీ. పరీక్షల పని. మిరప కోతలకు గుంటూరు పోయారు. కోడలికి పురుడు. మళ్ళీ ట్యాంకరు. ట్యాంకరు వచ్చే రోజుల్లో ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఎండాకాలంలో ట్యాంకరు గడి మిగతా గడులన్నిటినీ మింగేసింది. బద్ధకమని మాస్టారు రాసిన చోట్లు లేకపోలేదు, కాని వాటిలో చాలావరకు నా సహోద్యోగుల పేర్లున్నాయి.

నిలిచినవాళ్ళు ఎవరంటే, బలమైనవాళ్ళూ కాదు, ఆరోగ్యం గురించి ఎక్కువ చదివినవాళ్ళూ కాదు. తలుపు తట్టే మనిషి ఉన్నవాళ్ళు. డ్రైవరు పోతూ పోతూ హమాలీని లేపుతాడు, ఇద్దరూ కలిసి ఇంకొకరిని. నా ఒంటికోసం నేను లేవకపోయినా, వీధిలో నాకోసం నిలబడ్డవాడి కోసం లేస్తాను. దీన్ని కొందరు మిత్రులు బలహీనత అన్నారు. మనిషి తన సంకల్పంతో తాను నిలబడాలట. సమ్మె రోజున కూడా ఒక్కొక్కరూ ఎవరి సంకల్పంతో వారే ఇంట్లో కూర్చోవాలని వీరు చెప్పరు గదా.

అయితే కలిసి చెయ్యటమల్లా మంచిదేనని కూడా నేను అనను. జపానులో 1928లో రేడియో వ్యాయామం మొదలైంది. ఒకే వేళకు ఒకే సంగీతానికి దేశమంతా చేతులు ఎత్తటం. కొద్ది సంవత్సరాలకే అది సైనికవాదం చేతిలో పనిముట్టు అయింది. సోవియట్ యూనియన్‌లో 1931లో ప్రారంభమైన శ్రమకూ దేశరక్షణకూ సిద్ధం అనే కార్యక్రమం కోట్లమంది సామాన్యులకు ఈతా పరుగూ నేర్పింది. నిజమే. అందులోనూ పేరులోనే శరీరాన్ని రాజ్యం అవసరానికి అప్పగించటం ఉన్నది. బయటినుంచి చూస్తే తలుపు తట్టే స్నేహితుడూ ఈల ఊదే జమాదారూ ఒకేలా కనిపించవచ్చు. రేపు రానని చెప్పే హక్కు ఉన్నదా లేదా అనేదే వారిద్దరినీ వేరు చేస్తుంది. మాస్టారు నోటుబుక్కులో కారణం రాస్తాడు గాని జరిమానా రాయడు.

ఇంతా చెప్పాక కూడా కొంత మిగిలిపోతుంది. తీరిక ఉండి, తోడు ఉండి, సిగ్గు లేకుండా కూడా రానివాళ్ళున్నారు. వాళ్ళకు పట్టుదల లేదనవచ్చునా? అనవచ్చు. కాని పట్టుదల అనేది ముందు ఉండి తర్వాత పని చేయించే వస్తువు కాదు. న్యాయమైన పనులు చెయ్యటం వల్లనే మనిషి న్యాయవంతుడవుతాడని అరిస్టాటిలు చెప్పినట్టు, చెయ్యటంలోనే అది తయారవుతుంది. సాధన గురించి వేమన చెప్పిన పద్యాన్ని వ్యాయామ ఉపాధ్యాయులందరూ వాడుకుంటారు. పాటా వేపాకూ అందులోవే. వాడుకోవచ్చు. కాని చేదు అలవాటుపడి తియ్యనవటం ఎప్పుడూ శుభవార్త కాదు. గనిలో కూలీలు దుమ్ముకు కూడా అలాగే అలవాటుపడ్డారు.

ఇంకొకటి. చెడుగుడు ఆడే కుర్రవాడికి పట్టుదల గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. చీకటి పడ్డాక తల్లి వచ్చి లాక్కుపోవలసిందే. అదే కుర్రవాడు ముప్పయ్యేళ్ళకు నడకను చేదుమందులా మింగుతున్నాడంటే, మధ్యలో అతని ఆట ఎక్కడ పోయిందో అడగాలి. మార్కులకోసం డ్రిల్లు గంటను లెక్కలకు ఇచ్చిన బడిని అడగాలి. ఆటస్థలం లేకుండానే కాలేజీలకు అనుమతులిచ్చినవాళ్ళను అడగాలి. ఆటను పీకేసి, ఆ ఖాళీలో సంకల్పం లేదని మనిషిని నిందిస్తున్నాం.

నన్ను ఆపి అడిగినామె ఇప్పుడు మాకు తెలిసిన మనిషి. ఆమె తోటివాళ్ళు మా నడకకు రారు, రమ్మని మేము అడగలేదు కూడా. వారంలో పనిలేని రోజున గంటసేపు ఒళ్ళు సాగదీసుకునేదేదన్నా ఉంటే నేర్పమని వాళ్ళే అడిగారు. డ్రిల్లు మాస్టారుకు వచ్చిందల్లా నిటారుగా నిలబడ్డ పిల్లలకు చెప్పే డ్రిల్లు. సెలవులకు వచ్చిన ఒక ఫిజియోథెరపీ విద్యార్థిని చూసి, వీళ్ళను ముందుకు వంచవద్దు, రోజంతా వంగే ఉన్నారు, వెల్లకిలా పడుకోబెట్టి చేతులు చాపించి ఊపిరి పీల్చటం నేర్పండి, వెన్ను బిగుసుకున్నవాళ్ళను ముందు డాక్టరుకు చూపించండి అని చెప్పింది. పడుకునేది కూడా కసరత్తేనా అని వాళ్ళు చాలాసేపు నవ్వారు.

పడుకోవటానికి చోటు కావాలి. ఒక బడి వరండాను వారానికి ఒక గంట ఇమ్మని ఉత్తరం రాశాం, జవాబు రాలేదు. ప్రస్తుతం యూనియన్ ఆఫీసు వరండాలో చాపలు పరుస్తున్నాం. అక్కడ ఎనిమిది చాపలకంటే పట్టవు. పోయిన వారం పదముగ్గురు వచ్చారు.